ఆటల కంప్యూటర్: కూర్పూ, జబ్బులూ

పిల్లలూ, భారతంలో మయసభ కథ మీరంతా వినే ఉంటారు. అందులో నీరున్న చోట నేల లాగూ, నేల ఉన్న చోట నీరు లాగూ కనిపించింది. దుర్యోధనుడంతటివాడు భ్రమపడ్డాడు. ఈనాడు కంప్యూటర్ మీద ఆటలాడేవారు రోజూ ఒక మయసభలోకి పోయి వస్తున్నారు. అక్కడి కొండలూ, వాగులూ, కోటలూ, పరిగెత్తే కార్లూ అచ్చంగా నిజమైనవాటిలాగే ఉంటాయి. కాని ఈ మయసభను కట్టే మయుడు ఒక్కడు కాడు. ఒక పెట్టెలో అమర్చిన ఏడెనిమిది భాగాలు కలిసి దాన్ని సెకనుకు అరవై సార్లు కట్టి, అరవై సార్లు చెరిపేస్తూ ఉంటాయి.

అలాంటి పెట్టెను తయారైనదే కొనుక్కోవచ్చు. లేదా భాగాలు విడివిడిగా ఏరి తెచ్చి ఇంట్లోనే కూర్చుకోవచ్చు. రెండో పద్ధతి అంటే చాలామంది పిల్లలకు ఉత్సాహం. కాని ఇందులో పెద్దవాళ్లు కష్టపడి సంపాదించిన డబ్బు ఇమిడి ఉన్నది. అది వృథా కావటానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒకదానితో ఒకటి పొత్తు కుదరని భాగాలు కొనటం. రెండోది, కంప్యూటర్ మొరాయించినప్పుడు జబ్బు ఒక చోట ఉంటే మందు మరొక చోట వెయ్యటం; అంటే, బాగున్న భాగాన్ని తీసేసి దాని చోట కొత్తది కొనటం. ఈ రెండూ జరగకుండా ఉండాలంటే ఏ భాగం ఏం పని చేస్తుందో తెలిసి ఉండాలి. అది మీరనుకున్నంత కష్టం కాదు.

ఆట అంటే లెక్క

కంప్యూటర్ ఆటలు నిన్న మొన్న పుట్టినవి కావు. 1958లో అమెరికాలోని బ్రూక్‌హేవెన్ పరిశోధనాలయంలో విలియం హిగిన్‌బోథామ్ అనే భౌతికశాస్త్రజ్ఞుడు, అక్కడికి చూడవచ్చేవారి వినోదం కోసం, ఒక చిన్న తెర మీద టెన్నిస్ ఆడే ఏర్పాటు చేశాడు. 1962లో మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థకు చెందిన కొందరు యువకులు పి.డి.పి.-1 అనే కంప్యూటర్ మీద "స్పేస్‌వార్" అనే ఆట తయారు చేశారు. రెండు నౌకలు ఒక నక్షత్రం చుట్టూ తిరుగుతూ ఒకదాన్నొకటి కాల్చుకోవటమే ఆ ఆట. నక్షత్రం ఆకర్షణకు నౌక ఎటు లాగబడుతుందో యంత్రం క్షణక్షణమూ లెక్క కట్టేది.

ఈనాటి ఆటల్లో జరిగేది కూడా లెక్కే. అయితే అది ఎంత లెక్కో చూడండి. తెర మీది బొమ్మ చుక్కల ముగ్గు లాంటిది. సాధారణంగా ఇళ్లలో ఉండే మానిటర్ మీద అడ్డంగా 1920 చుక్కలూ, నిలువుగా 1080 చుక్కలూ ఉంటాయి. రెండూ హెచ్చవేస్తే 20,73,600 చుక్కలు. ఒక్కొక్క చుక్కకూ ఏ రంగు ఉండాలో నిర్ణయించాలి. బొమ్మ కదులుతున్నట్టు కనిపించాలంటే ఈ ముగ్గును సెకనుకు 60 సార్లు కొత్తగా వెయ్యాలి. అంటే సెకనుకు 12 కోట్ల 44 లక్షల చుక్కలకు పైమాటే! ఒక్కొక్క బొమ్మకు దొరికే వ్యవధి సెకనులో అరవయ్యో వంతు మాత్రమే. ఆ వ్యవధిలో పని తెమలకపోతే బొమ్మ ఆగి ఆగి కదులుతుంది. ఆట ఆడేవాళ్లు "ల్యాగ్ అవుతున్నది" అని విసుక్కోవటానికి చాలాసార్లు ఇదే కారణం.

పెట్టెలో ఎవరెవరున్నారు?

ఈ లెక్కలు చేసేవి ముఖ్యంగా రెండు భాగాలు: ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు. రెండూ లెక్కలే చేసేటప్పుడు ఒకటి చాలదా అని మీకు అనుమానం రావచ్చు. చాలదు. ఎందుకో చెబుతాను.

మీ బడిలో లెక్కల మేస్టారు ఎంత చిక్కు లెక్కనైనా చేస్తారు. కాని ఆయనకు మూడు వేల చిన్న కూడికలు ఇస్తే, ఒకటొకటిగా చేసుకుంటూ పోవాలి గనక చాలాసేపు పడుతుంది. అవే కూడికలు బడిలోని మూడు వేలమంది పిల్లలకు తలా ఒకటి పంచిపెడితే? ఒక్క నిమిషంలో అయిపోతాయి. ప్రాసెసర్ మేస్టారు లాంటిది. దానిలో ఆరో, ఎనిమిదో "కోర్" లుంటాయి. ఆటలో శత్రువు ఎటు దూకాలి, బంతి గోడకు తగిలి ఎటు పోవాలి, మీరు ఏ మీట నొక్కారు అనే చిక్కు పనులన్నీ ఇవి చూస్తాయి. గ్రాఫిక్స్ కార్డు బడిపిల్లల గుంపు లాంటిది. 2023లో వచ్చిన జీఫోర్స్ ఆర్.టి.ఎక్స్. 4060 అనే కార్డులో ఇలాంటి చిన్న కోర్‌లు 3072 ఉన్నాయి. చుక్కల రంగులు తేల్చేవి ఇవే. ఈ చిప్పులు రూపొందించే ఎన్విడియా, ఎ.ఎం.డి., ఇంటెల్ కంపెనీలకు మన హైదరాబాదులో కూడా కార్యాలయాలున్నాయి. మనవాళ్లు అనేకమంది ఈ రంగంలో పని చేస్తున్నారు.

ర్యామ్ అనేది మీరు చదువుకునే బల్ల లాంటిది. ఎస్.ఎస్.డి. పుస్తకాల బీరువా లాంటిది. ఆట ఎస్.ఎస్.డి.లో భద్రంగా ఉంటుంది. ఆడేటప్పుడు అందులోంచి కావలసినవి తీసి ర్యామ్‌లో పరుచుకుంటారు. బల్ల చిన్నదైతే ఒక పుస్తకం పెట్టటానికి మరొకటి తియ్యాలి. మాటిమాటికీ బీరువా దగ్గిరికి పరిగెత్తాలి. ఆట ముక్కలుముక్కలుగా నడుస్తుంది. కరెంటు పోతే బల్ల మీదివన్నీ మాయమవుతాయి, బీరువాలోవి ఎక్కడివక్కడే ఉంటాయి. పాత కంప్యూటర్లలో బీరువా పని హార్డ్‌డిస్కు చేసేది. దానిలో ఒక పళ్లెం గిర్రున తిరుగుతూ ఉంటే, ఒక సన్నని చెయ్యి దాని మీద వెతుక్కోవాలి. ఎస్.ఎస్.డి.లో తిరిగేదీ లేదు, వెతికే చెయ్యీ లేదు. అందుకే దాని వేగం ఎక్కువ.

వీటన్నిటినీ కలిపే వీధులు మదర్‌బోర్డు మీద ఉంటాయి. వీటన్నిటికీ అన్నం పెట్టేది పవర్ సప్లై. మన దుకాణాలలో దీన్ని ఎస్.ఎం.పి.ఎస్. అంటారు. ఇంటికి వచ్చే 230 వోల్టుల విద్యుత్తును ఇది 12 వోల్టులు, 5 వోల్టులు, 3.3 వోల్టులుగా మార్చి వడ్డిస్తుంది. ఇక కేబినెట్టు ఇల్లు. ఫాన్లు ఆ ఇంటికి కిటికీలు.

ఎద్దుల జత

భాగాలు ఎన్నుకోవటంలో చాలామంది చేసే పొరపాటు ఏమంటే, ఒక గొప్ప భాగం కొని, దానికోసం మిగిలినవాటి మీద పిసినారితనం చెయ్యటం. బండికి కట్టే ఎద్దులు జతగా ఉండాలని రైతు ఎరుగును. ఒక ఒంగోలు కోడెనూ, ఒక బక్క ఎద్దునూ కాడికి కడితే బండి బక్క ఎద్దు నడకే నడుస్తుంది. కోడె బలమంతా వృథా. ప్రాసెసరూ, గ్రాఫిక్స్ కార్డూ అలాంటి జత. చవక ప్రాసెసర్ పక్కన అతి ఖరీదైన కార్డు పెడితే, మేస్టారు లెక్కలు పంచి ఇచ్చేదాకా మూడు వేలమంది పిల్లలూ చేతులు కట్టుకుని కూచుంటారు.

కనక ఎంపిక కార్డు దగ్గిర మొదలుపెట్టరాదు. ముందు రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ ఆటలు ఆడతాం? ఏ మానిటర్ మీద ఆడతాం? 4-కె అనే తెర మీద అడ్డంగా 3840, నిలువుగా 2160 చుక్కలుంటాయి. ఇవి మామూలు తెరకు సరిగ్గా నాలుగు రెట్లు. కార్డు పని కూడా ఎన్నో రెట్లు పెరుగుతుంది. 1920 చుక్కల తెర ముందు కూచుని, 4-కె తెర కోసం తయారు చేసిన కార్డు కొనటం, సోలెడు బియ్యం వండటానికి పెళ్లి గుండిగ తెచ్చినట్టే. ఆడదలచిన ఆటకు ఏ ప్రాసెసర్, ఏ కార్డు, ఎంత ర్యామ్ కావాలో ఆట తయారు చేసినవారే ప్రకటిస్తారు. అది చూసి ఒక కాగితం మీద రాసుకోండి.

తరవాత పొత్తులు చూడాలి. ఇవి అయిదు.

మొదటిది సాకెట్టు. ప్రాసెసర్ మదర్‌బోర్డు మీద కూచునే పీట ఇది. ఎ.ఎం.డి. వారు 2016లో తెచ్చిన ఎ.ఎం.4 సాకెట్టుకు 1331 సూదులు. 2022లో వచ్చిన ఎ.ఎం.5 సాకెట్టుకు 1718. ఒకదానిది మరొకదానిలో కూచోదు. ఇంటెల్ వారి సాకెట్లు కూడా ఇలాగే మారుతూ వచ్చాయి.

రెండోది ర్యామ్ రకం. డి.డి.ఆర్.4 పెట్టే చోట డి.డి.ఆర్.5 పట్టదు. రెంటి అంచుల మీది గాటు వేరు వేరు చోట్ల ఉంటుంది. అది దూరనప్పుడు బలవంతం చేస్తే విరుగుతుంది. 16 జి.బి. కావాలంటే ఒకే స్టిక్ కన్న 8 జి.బి. స్టిక్‌లు రెండు మేలు. ఎందుకంటే, రెండు దారులలో ఒకేసారి సరుకు రవాణా అవుతుంది.

మూడోది కొలత. కొన్ని గ్రాఫిక్స్ కార్డులు అడుగు పొడుగుంటాయి. కేబినెట్టులో అంత చోటు ఉన్నదో లేదో కొనకముందే చూడాలి. ప్రాసెసర్ మీద పెట్టే కూలర్ ఎత్తు సంగతి కూడా ఇంతే.

నాలుగోది తీగలు. కార్డుకు ఎలాంటి పవర్ ప్లగ్గు కావాలో, పవర్ సప్లైకి అలాంటిది ఉన్నదో లేదో చూడాలి.

అయిదోది విద్యుత్తు. దీనికి చిన్న లెక్క ఉన్నది. 65 వాట్ల తరగతి ప్రాసెసర్ గట్టి పనిలో 90 వాట్ల దాకా తింటుంది. ముందు చెప్పిన 4060 కార్డు 115 వాట్లు. బోర్డు, ర్యామ్, ఎస్.ఎస్.డి., ఫాన్లు కలిపి 60 వాట్లనుకుందాం. మొత్తం 265 వాట్లు. అయితే ఈ కార్డుకు తయారుచేసినవారు 550 వాట్ల పవర్ సప్లై పెట్టుకోమంటారు. ఇంత తేడా ఎందుకు? కార్డు క్షణంలో వెయ్యో వంతు కాలం హఠాత్తుగా ఎక్కువ లాగుతుంది, దాన్ని తట్టుకోవాలి. అదీగాక, సగం బరువు మోసే పవర్ సప్లై చల్లగా, చప్పుడు లేకుండా పని చేస్తుంది. పెట్టె మీద "80 ప్లస్" అనే గుర్తు ఉన్నదో లేదో కూడా చూడండి. దాని అర్థం ఏమంటే, గోడ నుంచి తీసుకున్న విద్యుత్తులో కనీసం 80 వంతులు భాగాలకు చేరుతుందనీ, వేడిగా వృథా అయ్యేది 20 వంతులు మించదనీ. అన్ని భాగాలలోకీ డబ్బు మిగుల్చుకోకూడనిది ఇదే. చవకరకం పవర్ సప్లై చెడిపోయినప్పుడు ఒక్కొక్కసారి తనతోబాటు మిగిలినవాటిని కూడా తీసుకుపోతుంది.

తల్లిదండ్రులకు మరొక లెక్క. మానిటర్‌తో సహా 300 వాట్లు వాడే కంప్యూటర్ రోజుకు మూడు గంటలు నడిస్తే 900 వాట్-గంటలు, అనగా సుమారు ఒక యూనిట్ కరెంటు ఖర్చవుతుంది. నెలకు 27 యూనిట్లు.

కొనేటప్పుడు

సికిందరాబాదులో చెనాయ్ ట్రేడ్ సెంటర్, మద్రాసులో రిచ్చీ స్ట్రీట్, బెంగుళూరులో ఎస్.పి. రోడ్డు ఇలాంటి భాగాలకు పేరుపడిన బజార్లు. అక్కడికి పోయేటప్పుడు మీ కాగితం చేతిలో ఉండాలి. అది లేకపోతే దుకాణదారు దగ్గిర ఏది ఎక్కువ నిలవ ఉంటే అదే మీకు మంచిదవుతుంది. ప్రతి భాగానికీ బిల్లు తీసుకోండి. బిల్లు మీద ఆ వస్తువు సీరియల్ నంబరు రాయించండి. వారంటీ అడిగేనాడు ఆ అంకెలే మీకు సాక్ష్యం.

ధరలు ఒకలాగ ఉండవు. 2025 చివరి నెలల్లో ర్యామ్ ధరలు విపరీతంగా పెరిగాయి. కృత్రిమ మేధ కోసం కట్టే పెద్ద పెద్ద కంప్యూటర్ కేంద్రాలు మెమరీ చిప్పులను ఎక్కువగా కొనెయ్యటమే దీనికి ముఖ్య కారణం. అందుచేత ఒక వారం ఆగి, రెండు మూడు చోట్ల విచారించటం మంచిది. వాడిన కార్డులు చవకగా దొరుకుతాయి. అయితే వాటిలో కొన్ని 2022కు ముందు ఈథీరియమ్ అనే డిజిటల్ నాణెం కోసం రాత్రింబగళ్లు లెక్కలు చేసి అలసినవి. వాడిన కార్డును కళ్ల ఎదట ఒక ఆట నడిపించి చూసి గాని కొనకూడదు.

కూర్చేటప్పుడు

ఈ పని పెద్దవాళ్లు పక్కన ఉండగా చెయ్యాలి. చలికాలంలో ఉన్ని బట్ట విప్పినప్పుడు చిటపటమనటం మీరు వినే ఉంటారు. అది స్థిర విద్యుత్తు. మనకు తెలియనంత చిన్న మెరుపు కూడా చిప్పును పాడు చెయ్యగలదు. కనక భాగాలు పట్టుకునే ముందు కేబినెట్టు ఇనుప రేకును ఒకసారి తాకండి. చిప్పులను అంచులు పట్టుకుని ఎత్తండి. ప్రాసెసర్‌కూ, కూలర్‌కూ మధ్య థర్మల్ పేస్టు బఠాణీ గింజంత చాలు. కొత్త కూలర్ అడుగున పల్చని ప్లాస్టిక్ పొర ఉంటే దాన్ని తప్పక ఊడదియ్యాలి. అది అలాగే ఉండిపోతే, ప్రాసెసర్‌కు దుప్పటి కప్పినట్టే.

ఒక్క హెచ్చరిక మాత్రం ఎన్నడూ మరవకండి. పవర్ సప్లై పెట్టెను విప్పకూడదు. ప్లగ్గు తీసేసినా దానిలోపల కెపాసిటర్లు విద్యుత్తును దాచుకుని ఉంటాయి. అది ప్రాణం తియ్యగలదు. అది చెడితే మార్చటమే గాని, బాగు చేసుకోవటం ఇంట్లో చెయ్యదగిన పని కాదు.

యంత్రవైద్యం

మంచి వైద్యుడు రోగిని చూడగానే మందు ఇవ్వడు. నాడి చూస్తాడు, ఎప్పటి నుంచి అని అడుగుతాడు, నిన్న ఏం తిన్నావంటాడు. కంప్యూటర్‌కు జబ్బు చేసినప్పుడు కూడా అంతే. దీనికి మూడు సూత్రాలున్నాయి. ఒకటి: చెడే ముందు చివరగా ఏం మార్చామో జ్ఞాపకం చేసుకోవాలి. రెండు: ఒకసారికి ఒక్కటే మార్చి చూడాలి. ర్యామూ, తీగా, కార్డూ ఒకేసారి మార్చితే కంప్యూటర్ బాగుపడవచ్చు గాని, జబ్బు ఎవరిదో ఎప్పటికీ తెలియదు. మూడు: చేసినదీ, జరిగినదీ ఒక నోటుపుస్తకంలో రాసుకోవాలి.

ఇప్పుడు కొన్ని సమస్యలు చెబుతాను. జవాబు చదివే ముందు మీరే ఆలోచించి చూడండి.

కొత్త గ్రాఫిక్స్ కార్డు పెట్టారు. బొమ్మ వస్తున్నది గాని ఆట మాత్రం నత్తలాగా నడుస్తున్నది. కార్డు చెడినదా?

తొందరపడకండి. కంప్యూటర్ వెనక్కు పోయి, మానిటర్ తీగ ఎక్కడ గుచ్చి ఉన్నదో చూడండి. చాలామంది దాన్ని మదర్‌బోర్డు మీది రంధ్రంలో గుచ్చుతారు. అప్పుడు బొమ్మ వేసేది ప్రాసెసర్‌లోని చిన్న చిత్రకారుడు. కొత్త కార్డు ఊరికే కూచుని ఉంటుంది. తీగ తీసి కార్డుకు గుచ్చితే సరి. కొన్ని ప్రాసెసర్లలో ఆ చిన్న చిత్రకారుడు ఉండడు. అప్పుడు తెర నల్లగానే ఉండిపోతుంది.

స్విచ్ వేస్తే ఫాన్లు తిరుగుతున్నవి, దీపాలు వెలుగుతున్నవి, కాని తెర మీద ఏమీ లేదు. ఏం చెయ్యాలి?

ముందు మానిటర్ తీగ చూడాలి. తరవాత కంప్యూటర్ ఆపి, ప్లగ్గు తీసి, ర్యామ్ స్టిక్‌లు ఊడదీసి, మళ్లీ రెండు వేపులా టక్కుమనేదాకా నొక్కి పెట్టాలి. అప్పటికీ రాకపోతే ఒక్క స్టిక్‌తో చూడాలి. తరవాత రెండోదానితో చూడాలి. ఒకదానితో వచ్చి, అదే చోట రెండోదానితో రాకపోతే దొంగ దొరికినట్టే. కొన్ని మదర్‌బోర్డుల మీద సి.పి.యు., డి.ర్యామ్, వి.జి.ఎ., బూట్ అని నాలుగు చిన్న దీపాలుంటాయి. ఏ దీపం దగ్గిర ఆగిపోతే జబ్బు ఆ భాగంలో ఉన్నదని అనుమానించాలి. ఇక్కడ ఒక్క విషయం: డి.డి.ఆర్.5 ఉన్న కంప్యూటర్ మొదటిసారి స్విచ్ వేసినప్పుడు ర్యామ్‌ను పరీక్షించుకుంటూ కొన్ని నిమిషాలు నల్లతెరతో ఉండవచ్చు. కాస్త ఓపిక పట్టాలి.

ఉదయం ఆట బాగానే ఉన్నది. మధ్యాహ్నం మాత్రం పదినిమిషాలు ఆడేసరికి నెమ్మదిస్తున్నది. ర్యామ్ మార్చినా గుణం లేదు. కారణమేమిటి?

ఉదయానికీ, మధ్యాహ్నానికీ తేడా ఏమిటో ఆలోచించండి. ఎండ! ఫాను ఏ వస్తువునూ గదిలోని గాలి కన్న చల్లబరచలేదు. గది 25 డిగ్రీలు ఉన్నప్పుడు చిప్పు 75 డిగ్రీలుంటే, బెజవాడ వేసవిలో గది 40 డిగ్రీలయినప్పుడు చిప్పు 90 దగ్గిరికి పోతుంది. వేడి హద్దు మీరబోతే చిప్పు తనను తాను కాపాడుకోవటానికి వేగం తగ్గించుకుంటుంది. అది జబ్బు కాదు, ఆత్మరక్షణ. కేబినెట్టును గోడకు జరిపి పెట్టకుండా గాలి ఆడనివ్వాలి. జాలీలకు పట్టిన దుమ్ము మెత్తని బ్రష్‌తో దులపాలి. చాలా ఏళ్లయితే థర్మల్ పేస్టు తుడిచి కొత్తది పెట్టాలి.

తేలిక ఆటలు ఎంతసేపైనా నడుస్తున్నవి. బరువైన ఆట పెట్టగానే కంప్యూటర్ టక్కున ఆరిపోయి మళ్లీ మొదలవుతున్నది. ఎవరి మీద అనుమానం?

పని పెరిగినప్పుడే పడిపోతున్నది గనక మొదటి అనుమానం అన్నం పెట్టేవాడి మీద, అనగా పవర్ సప్లై మీద. అయితే దాన్ని మార్చే ముందు కార్డు పవర్ ప్లగ్గు గట్టిగా కూచున్నదో లేదో చూడాలి. చిప్పుల వేడి చూడాలి. కంప్యూటర్‌ను ఫ్రిజ్జు, ఇస్త్రీపెట్టె ఉన్న ఎక్స్‌టెన్షన్ బోర్డుకు తగిలించారేమో చూడాలి. కరెంటు పోయి ఇన్వర్టర్ అందుకునే సమయంలోనే ఇది జరుగుతుంటే తప్పు కంప్యూటర్‌ది కాదు. ఆ రెప్పపాటు ఖాళీని అది ఓర్చుకోలేదు. దానికి కంప్యూటర్ల కోసం చేసిన యు.పి.ఎస్. కావాలి.

కేబినెట్టును తాకితే వేలు జివ్వుమంటున్నది. కంప్యూటర్ మాత్రం బాగానే పని చేస్తున్నది. దీన్ని పట్టించుకోవాలా?

తప్పకుండా పట్టించుకోవాలి. అన్నిటికన్న ముందు పట్టించుకోవలసింది ఇదే. పవర్ సప్లై నుంచి చాలా కొద్ది విద్యుత్తు ఎప్పుడూ ఇనుప పెట్టెలోకి వస్తుంది. మూడు పుల్లల ప్లగ్గులో లావుపాటి పుల్ల దాన్ని భూమిలోకి పంపేస్తుంది. వేలు జివ్వుమన్నదంటే మీ ఇంటి సాకెట్టుకు ఎర్తింగ్ లేదన్నమాట. ఈ రోజు జివ్వుమన్న చోటే, రేపు లోపల తీగ చెడితే ప్రాణం మీదికి వస్తుంది. వెంటనే వాడటం ఆపి, ఎలక్ట్రీషియన్‌ను పిలిపించాలి. ఆ మూడో పుల్లను విరిచి రెండు పుల్లల సాకెట్టులో గుచ్చటం పరమ మూర్ఖత్వం.

కంప్యూటర్ ఎప్పుడు మొదలుపెట్టినా తేదీ వెనక్కు పోతున్నది. ఇదేం మాయ?

మాయ లేదు. మదర్‌బోర్డు మీద సి.ఆర్. 2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారం నడిపేది అదే. కొన్నేళ్లకు అది అయిపోతుంది. కొద్ది రూపాయలతో పోయేదానికి మదర్‌బోర్డు మార్చమని ఎవరైనా చెబితే నమ్మకండి. పాత బిళ్లను చంటిపిల్లలకు అందనివ్వకండి. మింగితే చాలా ప్రమాదం.

ఒక ప్రయోగం

మీ ఎద్దుల జతలో బక్కది ఏదో తెలుసుకోవటానికి ఖర్చు లేని ప్రయోగం ఒకటున్నది. ఏదైనా ఆటలో ఒకే చోట నిలబడి, సెకనుకు ఎన్ని బొమ్మలు వస్తున్నవో చూసి రాసుకోండి. తరవాత ఆట సెట్టింగులలో రిజల్యూషన్ తగ్గించండి, అనగా ముగ్గులో చుక్కలు తగ్గించండి. మళ్లీ అదే చోట చూడండి. బొమ్మల సంఖ్య బాగా పెరిగితే, ఇంతదాకా వెనకబడ్డది గ్రాఫిక్స్ కార్డు. ఏమీ పెరగకపోతే వెనకబడ్డది ప్రాసెసర్. ఎందుచేత? చుక్కలు తగ్గితే పిల్లల పని తగ్గుతుంది గాని, మేస్టారి పని తగ్గదు. అయితే మానిటర్‌తో సమానంగా బొమ్మలు ఆపే "వి-సింక్" అనే ఏర్పాటును ముందు తీసెయ్యాలి. లేకపోతే లెక్క తప్పుతుంది.

ఈ అయిదు నిమిషాల ప్రయోగం చెయ్యకుండా, "కొత్త కార్డు కొనండి నాన్నా" అని అడగటం న్యాయం కాదు. చేసి, రెండు అంకెలూ రాసిన కాగితం చూపించి అడగండి. అప్పుడు మీ మాటకు విలువ ఉంటుంది. ఒక్కొక్కసారి ఆ అంకెలు చూసిన మీదట, కొత్తది అక్కర్లేదనీ, దుమ్ము దులిపితే చాలుననీ మీకే తోచవచ్చు.